గూటం చుట్టూ మన్ను

పుంగనూరు సంతలో మిగతా దళారులు ఆవు వయసు చూడాలంటే ముక్కుతాడు పట్టి తల పైకి గుంజుతారు. ముద్దుకృష్ణ అలా చేయడు. ముందు దాని గంగడోలు కింద గోకుతాడు. అది మెడ చాచి కళ్ళు సగం మూసేదాకా ఆగి, పెదవి మూల నుంచి బొటనవేలు లోపలికి జారుస్తాడు. ఆ మూల పళ్ళుండవు కాబట్టి కొరుకుతుందన్న భయం లేదు. కింది పెదవి దించి ఒక్క చూపు చూసి వదిలేస్తాడు.

"నాలుగు పల్లు," అంటాడు. లేదంటే "కడపల్లు గూడా కలిపింది," అంటాడు. అంతటితో రైతులు వయసు సంగతి ఇక మాట్లాడరు.

ఆవుకు ముందు పళ్ళు కింది దవడకే ఉంటాయి. పైన పళ్ళకు బదులు గట్టి చిగురు, పలకలాగా. పాలపళ్ళు నడుమ నుంచి జతజతగా రాలి పెద్ద పళ్ళు వస్తాయి. ఎన్ని జతలు మారాయో చూస్తే వయసు తెలుస్తుంది; అంచున చివరగా వచ్చే జతే కడపల్లు. ఇదంతా ముద్దుకృష్ణకు నేర్పింది మేనమామ గోవిందస్వామి. మీసాలు రాని వయసులో అతని వేలు పట్టుకుని ఒక పాడి ఆవు పంటి మీద ఆనించి, అటూ ఇటూ ఆడించి చూపించాడు. పన్ను కొంచెం ఊగింది. పిల్లవాడు బెదిరి చెయ్యి తీసుకోబోతే మామ వదల్లేదు.

"ఊగాలరా అది. బిగుసుకోనుంటే మేత కొరికినప్పుడల్లా పై ఇగురు తెగిపోతాది. ఊగే పన్నే మంచి పన్ను."

చిగుళ్ళను ఆ వైపు ఇగుర్లంటారు. మామ పోయి చాలా ఏళ్ళయింది. ఆయన చెప్పిన మాటల్లో తప్పయింది ఒక్కటీ ముద్దుకృష్ణకు తగల్లేదు. అందుకే ఏభై దాటాక తన కింది ముందు పళ్ళు నాలుగు మెల్లగా ఊగడం మొదలైనప్పుడు అతను దిగులు పడలేదు. పొద్దున నల్ల పళ్ళపొడితో తోముకునేటప్పుడు వేలితో ఆడించి చూసుకునేవాడు. కొంచెం సంతోషం కూడా కలిగేది. పొడితో పాటు నెత్తురు పడితే, గట్టిగా తోమాను కదా, అనుకునేవాడు.

భార్య గోవిందమ్మకు ఆ నెత్తురు తువ్వాల మీద కనబడింది. సంగటిలోకి నూరే శెనక్కాయల ఊరిబిండిని ఆనాటి నుంచి రోజురోజుకూ మెత్తగా నూరసాగింది. మాంసం తెచ్చిన రోజున ఎముక ముక్కలు తన పళ్ళెంలో వేసుకుని, అతనికి ఉడికి విడిపోయిన మెత్తటి కండ వడ్డించేది. ఇలా కొన్ని నెలలు జరిగాక ఒక రోజు అతను జామకాయ కొరికాడు. నడుమ పన్ను ముందుకు ఒరిగింది. అతను నాలుకతో దాన్ని వెనక్కి నెట్టి, కాయను దూడకు వేశాడు. ఆ పని చేస్తూ వంటింటి వైపు చూస్తే గోవిందమ్మ తనవైపే చూస్తోంది. ఊరిబిండి ఎందుకు మెత్తబడుతూ వచ్చిందో అతనికి అప్పుడు అర్థమయింది.

పళ్ళ మీద ఆ రోజు అనుమానం వచ్చినా, గోవిందమ్మ ఆస్పత్రి మాటెత్తితే పోనన్నాడు. కారణం చెప్పలేదు. కారణం దాసప్ప. సంతలో ముద్దుకృష్ణ తర్వాత పేరున్న దళారి అతనే. దాసప్ప మనుషులకు కూడా పళ్ళ లెక్కన వయసు కట్టేవాడు. కొత్తగా పెళ్ళయిన కుర్రవాడు రెండు పళ్ళ కోడె. రిటైరైన అయ్యవారు అరిగిన పళ్ళవాడు. నోట్లో పళ్ళు పోయినవాడు కనబడితే "దీన్ని తోలుకుపొండి, ఇంక కొనేవోళ్ళు లేరు" అని సంతంతా వినబడేలా అనేవాడు. అందరూ నవ్వేవారు. ముద్దుకృష్ణ కూడా నవ్వినవాడే. పళ్ళు చూసి బతికేవాడికి తన ముందు పళ్ళే లేకపోతే ఏ రైతు తన దగ్గరికి వస్తాడన్నది అతని భయం. పళ్ళ డాక్టరంటే పళ్ళు పీకే మనిషి. అతని దగ్గరికి పోకపోతే కనీసం ఊగుతూనైనా ఉంటాయి.

గోవిందమ్మ బతిమాలలేదు. రెండు రోజులు చెంప పట్టుకుని తిరిగింది. దవడ పన్ను సలుపుతోందనీ, రాత్రి కన్ను మూయలేదనీ చెప్పింది. అతను కంగారుపడి ఆమెను మదనపల్లె బస్సెక్కించాడు. దారి పొడవునా కిటికీ గాలి తగలకుండా ఆమె చెంపకు తన తువ్వాల అడ్డం పెట్టాడు. బస్టాండు వెనక సందులో చిన్న పళ్ళ ఆస్పత్రి ఉంది. డాక్టరు అనూష శాంతిపురం వైపు అమ్మాయి. పేరు పిలవగానే గోవిందమ్మ లోపలికి పోయి, కుర్చీ పక్కన నిలబడి, మొగుడి చెయ్యి పట్టి ముందుకు లాగింది.

"నాకేమీ లేదమ్మా. ఈయప్పను కూసోబెట్టి సూడండి."

ముద్దుకృష్ణ ఆమె చెంప వైపు చూశాడు. ఆమె ఆ చెంప మీంచి చెయ్యి తీసేసింది.

డాక్టరు అద్దం పెట్టి చూసింది. సన్నటి కొలత పుల్లతో చిగురుకూ పంటికీ మధ్య ఎంత లోతు దిగుతోందో చూసింది. ఎక్స్‌రే తీసింది. తర్వాత, ఎప్పట్నుంచి కదులుతున్నాయప్పా అని అడిగింది.

"కదిలేది మంచిదే గదమ్మా," అన్నాడు ముద్దుకృష్ణ.

ఆమె చేతిలోని అద్దం కిందపెట్టి, ఎవరు చెప్పారని అడిగింది. అతను మామ సంగతి, ఆవు పంటి సంగతి చెప్పాడు. ఆమె నవ్వలేదు. పశువుకు అలా ఉండటం సరేననీ, దానికి పైన పళ్ళు లేవు కాబట్టి ఆ సడలింపు కావాలనీ ఒప్పుకుంది. మనిషి పళ్ళు పైనా కిందా ఒకదానికొకటి తగిలేవని చెప్పి, బల్ల మీద నుంచి మైనంతో చేసిన దవడ ముక్క ఒకటి తీసింది. దానికి ఒక పక్క కోసి లోపల కనబడేలా ఉంది.

పైన తెల్లగా కనిపించే భాగానికి పింగాణీలాంటి పొర ఉంటుంది. మన ఒంట్లో దానికన్నా గట్టిది లేదు. దాని లోపల కొంచెం పసుపుగా ఇంకో పొర. నట్టనడుమ మెత్తటి గుజ్జు, అందులో నరమూ నెత్తురూ. ఇదంతా చూపించి ఆమె వేలు కిందికి దించింది. చిగురు కింద వేరు ఉంది. పైన కనబడేదానికన్నా అదే పొడుగు. వేరు దవడ ఎముకలోని గుంతలో కూర్చుంటుంది, అయితే ఎముకకు నేరుగా అంటుకోదు. వేరుకూ ఎముకకూ మధ్య సన్నటి నారపోగులు చుట్టూ పట్టుకుని ఉంటాయి. నమిలేటప్పుడు దెబ్బ ఎముకకు తగలకుండా అవి ఒకింత సాగుతాయి. అందుకని మంచి పన్ను కూడా కంటికి తెలియనంత కదులుతుంది.

"మీ మామ చెప్పిన దాంట్లో ఒక వెంట్రుకంత మనిషికీ సరిపోతుందప్పా. మీవి వెంట్రుక దాటిపోయినాయి."

తర్వాత ఎక్స్‌రే చూపించింది. పళ్ళ మొదట్లో గార పేరుకుని రాయిలా గట్టిపడింది. గార కింద చిగురు వాచి పంటిని వదిలేసింది. నారపోగులు తెగాయి, ఎముక కొంచెం కొంచెంగా కరిగి కిందికి దిగిపోయింది. నొప్పి పెట్టదు కాబట్టి ఎవరూ పట్టించుకోరని చెప్పింది. ముద్దుకృష్ణ ఆ నల్లటి బొమ్మను చాలాసేపు చూశాడు. వేళ్ళు సగానికి పైగా ఏ ఆధారమూ లేకుండా నిలబడి ఉన్నాయి.

"పల్లు పుచ్చలేదు గదమ్మా?"

"ఒక్కటి కూడా లేదు. నా పళ్ళకన్నా మీవే గట్టివి."

"అంటే గూటం బాగుండాది. సుట్టూ ఉండే మన్ను పోయింది."

గొడ్డును కట్టే గూటంతో పోల్చింది ఆమెకు నచ్చినట్టుంది. పోయిన మన్ను తిరిగి రాదనీ, ఉన్నది పోకుండా చూడవచ్చనీ అదే మాటలో చెప్పింది. వేళ్ళ దాకా గార తీసి శుభ్రం చేస్తే చిగురు మళ్ళీ బిగుస్తుంది. మూడు పళ్ళను వెనక నుంచి సన్నటి తీగతో కలిపి కట్టవచ్చు. ఒరిగిన నాలుగోదాన్ని మాత్రం తీయక తప్పదు. దాన్ని ఉంచితే పక్కవాటి ఎముకను కూడా తినేస్తుంది.

ముద్దుకృష్ణ కుర్చీ దిగాడు. వచ్చే సంత గడిచాక వస్తానన్నాడు. గోవిందమ్మ తలుపు దగ్గర అడ్డం నిలబడింది.

"యాల? సంతలో నీ పల్లు ఎవురు సూస్తారు?"

అతను డాక్టరు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "పల్లు లేనోడు పల్లు సూసేదానికి వచ్చినాడంటారు. దాసప్ప ఊరుకుంటాడా?"

ఇన్ని నెలలు అతను దాచుకున్నది ఇదేనని గోవిందమ్మకు తెలిసింది. తలుపు దగ్గర్నుంచి వచ్చి కుర్చీ మీది గుడ్డ సరిచేసింది.

"నిన్ను నేను పల్లు సూసి చేసుకోలేదు. పెండ్లిచూపులకొచ్చిన రోజు నువ్వు నోరే తెరవలేదు. మూగోడేమో అనుకున్న్యాం."

డాక్టరు తల పక్కకు తిప్పుకుంది. ముద్దుకృష్ణ నవ్వు ఆపుకోవడానికి పెదవులు బిగించాడు, ఆగలేదు. ఆ నవ్వుతోనే మళ్ళీ కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు.

మొద్దుబార్చే మందు ఎక్కాక పన్ను పెద్దగా ఎదురు తిరక్కుండానే వచ్చింది. తుడిచి అరచేతిలో పెట్టమని అడిగాడు. లెక్కలేనన్ని నోళ్ళలో పళ్ళు చూసినవాడు, తన నోట్లోంచి ఊడిన పన్ను మొదట్నుంచి చివరిదాకా చూడటం అదే మొదలు. వేరు పొడుగ్గా, కొస సన్నబడి ఉంది. దాని మీద దాదాపు చివరిదాకా నల్లటి గార. శుభ్రంగా మిగిలింది గోరంత. ఇన్నాళ్ళూ దీన్ని పట్టుకుని ఉన్నది ఆ గోరంతేనని డాక్టరు చెప్పింది. అతను దాన్ని గోవిందమ్మకు చూపించాడు. ఆమె ముట్టుకోకుండా వంగి చూసి, ఇంత చిన్నదానికా నువ్వు ఇన్నాళ్ళు భయపడింది, అంది.

శుభ్రం చేయడానికి, తీగ కట్టడానికి ఇంకో రెండు మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. ఆకువక్క మానమన్నారు, మానాడు. నల్లపొడి బదులు మెత్తటి బ్రష్షు వచ్చింది. చిగురు అంచున ఎలా తిప్పాలో డాక్టరు నేర్పితే, అతను దూడ వీపు నిమిరినంత నెమ్మదిగా తిప్పేవాడు. కొన్నాళ్ళకు నెత్తురు పడటం ఆగింది.

తీగ కట్టిన వారం అతను సంతకు పోయాడు. కుప్పం దగ్గర్నుంచి నాగేంద్ర అనే రైతు పుంగనూరు జాతి ఆవు కోసం వచ్చాడు. నడుమెత్తు మించని పొట్టి ఆవు ఒకటి అతనికి నచ్చింది. ముద్దుకృష్ణ దాని గంగడోలు గోకి, నోరు చూసి, "ఆరు పల్లు" అన్నాడు. పంటి సందులోంచి గాలి పోయి మాట తేడాగా వినబడింది. నాగేంద్ర, ఏమన్నావప్పా, అని అడిగాడు. ముద్దుకృష్ణ మళ్ళీ చెప్పాడు. నాగేంద్ర తలూపి, ఆవు ఈనిందెప్పుడు, పాలెన్ని, తన్నుతుందా అని తన ప్రశ్నల్లో పడ్డాడు.

పక్క గొడ్డు దగ్గర నిలబడిన దాసప్ప మాత్రం విన్నాడు. దగ్గరికొచ్చి మొహంలోకి చూశాడు.

"ఏం బావా, ఒకటి రాల్చేసినావే."

"రాల్లేదు. నేనే పీకించినా. మిగతా మూడు నిలబెట్టినారు, సూడు." ముద్దుకృష్ణ కింది పెదవి దించి చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్ళు దాసప్ప ఏమంటాడోనని చూశారు. దాసప్ప వంగి, వెనక తీగ ఎలా కట్టారో చూశాడు. నొప్పి పుట్టిందా అని అడిగాడు. అతను అంత మెల్లగా మాట్లాడటం ఎవరూ విని ఉండరు. బేరగాళ్ళు అటు తిరిగాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంకొక మాట అన్నాడు.

"నాయివి గూడా ఊగుతాండాయి బావా. పైవి."

ముద్దుకృష్ణ నవ్వలేదు. ఆవు పలుపు నాగేంద్ర చేతికిచ్చి, దాసప్పను లారీ నీడకు తీసుకుపోయి, మదనపల్లె బస్టాండులో దిగాక ఏ సందులో తిరగాలో చెప్పడం మొదలుపెట్టాడు.