రేపటికి గుడ్డ వదలని టైలరు

కాజాలక్క మొగుడు టైలరు. ఆయన కత్తిరించి మిషను మీద కుడితే, కాజాలు తీసి గుండీలు వేసేది ఆవిడ. అందుకే వీధిలో ఆవిడకి ఆ పేరు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషికి తాగుడు లేదు, పేకాట లేదు. పట్టిందల్లా పుస్తకాల పిచ్చి, అదీ జుట్టు నెరిసిన తరవాత.

ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన ఒక రిటైరైన మాస్టారు తన సంచీ దుకాణంలో మరిచిపోయాడు. అందులో ఉన్నవన్నీ ఆధ్యాత్మిక పుస్తకాలు. ఆయన తిరిగొచ్చేలోగా టైలరు ఒకటి చదివేశాడు. ఆ మొహంలో వెలుగు చూసి మాస్టారు మిగతావి కూడా ఇచ్చేసి వెళ్లాడు. నిన్నటి కోసం ఏడవకు, రేపటి కోసం వణక్కు, ఈ క్షణంలో బతుకు అని వాటి సారాంశం. మంచి మాటే, ఎవరు కాదన్నారు? కానీ రాసినాయన దాన్ని మనుషుల కోసం రాశాడు గాని వాళ్లు తొడుక్కునే కోట్ల కోసం కాదు. ఆ తేడా టైలరుకి తట్టలేదు.

మొదట భోజనం దగ్గర మొదలైంది. ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని నమిలేవాడు.

"కూరలో ఉప్పు చాలిందాండీ?"

"ఉన్నది ఉన్నట్టు స్వీకరిస్తున్నానే."

చాలలేదన్నమాట. కాజాలక్క ఉప్పు డబ్బా తెచ్చి ఆయన ముందు ఠక్కున పెట్టేది.

ఆపైన దుకాణం వంతు. ఇదివరకు ఎవరడిగినా గురువారం ఇస్తాననేవాడు. ఏ గురువారమో చెప్పేవాడు కాదు గాని, వచ్చినవాళ్లు ఏదో ఒక రోజు తమ బట్టలు చేతపట్టుకుని ఇంటికి పోయేవారు. ఇప్పుడు ఆ దిక్కు కూడా లేకుండా పోయింది.

"నా జాకెట్టు ఎప్పుడిస్తావయ్యా?" అని ఎదురింటావిడ అడిగింది.

"ఎప్పుడు అనేది లేదమ్మా. ఉన్నది ఇప్పుడే."

"అయితే ఇప్పుడే ఇయ్యి."

"ఇప్పుడు కుట్టలేదు కదమ్మా."

ఎదురింటావిడ కాజాలక్క వైపు తిరిగి, "మీ ఆయనకి ఒంట్లో బాగానే ఉందా?" అంది. "ఒళ్లు గుండ్రాయిలా ఉంది వదినా, బుర్రకే జ్ఞానం సోకింది" అంది కాజాలక్క.

ఇవన్నీ ఆవిడ ఓర్చుకుంది. అసలు ముప్పు మరోచోట ఉంది. ఏ టైలరైనా కుట్టు లోపల కాస్త గుడ్డ వదులుతాడు. మనిషి లావెక్కితే విప్పి వదులు చేసుకోవడానికి. ఈయన అది మానేశాడు. లోపల గుడ్డ దాచడమంటే రేపటికి భయపడటమేనట.

అదే సమయానికి కాజాలక్క తమ్ముడికి పెళ్లి కుదిరింది. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. మాటలు పూర్తయి లేచేటప్పుడు పెళ్లికూతురి మేనత్త గుమ్మంలో ఆగి, "పిల్లాడు బాగానే ఉన్నాడు. తల్లి లేకుండా పెరిగాడుగా, మర్యాదలు ఎవరు నేర్పారో ఏమో" అంది. ఆ మాట కాజాలక్క గొంతులో ముల్లులా దిగబడింది. పెళ్లినాడు వాణ్ణి వేలెత్తి చూపడానికి ఆ మేనత్తకి సందు దొరక్కూడదనుకుంది.

తమ్ముడికి పెళ్లి కోటు కుట్టమని నీలం గుడ్డ తెచ్చి మొగుడికిచ్చింది. "ఏమండీ, పెళ్లికొడుకని ఇంటింటా పిలిచి మేపుతున్నారు. వాడు ఒళ్లు చేస్తున్నాడు. లోపల బాగా గుడ్డ వదలండి."

"ఇప్పుడున్నవాడికి కుడుతున్నానే. రాబోయేవాడెవడో నాకు తెలీదు."

"నా తమ్ముడేనండీ! ఇంకెవడొస్తాడు?"

ఆయన చిరునవ్వు నవ్వి తలూపాడు. సరేననుకుంది ఆవిడ. లోపలి అస్తరు మూసేశాకే కోటు కాజాలకి వచ్చింది గనక, లోపల ఏముందో ఆవిడ చూడలేదు.

పెళ్లి హాలు వెనక గదిలో తమ్ముడు కోటు తొడుక్కున్నాడు. గుండీ అందలేదు. పొట్ట బిగబట్టి, ఊపిరి పీల్చి, బావ సాయంతో ఎలాగో పెట్టించుకున్నాడు. పీల్చిన ఊపిరి ఎంతసేపని ఆపుతాడు? వదిలాడు. మెడ నుంచి నడుము దాకా వీపు టర్రున చిరిగింది.

"అక్కా!" అన్నాడు ఏడుపు గొంతుతో.

కాజాలక్క కుట్టు విప్పి చూసింది. లోపల వదిలిన గుడ్డ వేలెడు కూడా లేదు. మొగుడి వైపు తిరిగింది. "ఇప్పుడేమంటారు?"

"ఇప్పుడు చిరిగింది" అన్నాడాయన నిదానంగా.

"మీరు తొడుక్కున్న కోటు విప్పండి."

"నాదా? ఇది బూడిద రంగు కదే!"

"విప్పుతారా, మీ ఒంటి మీదే కత్తిరించనా?"

బయట ఎవరో తలుపు కొడుతున్నారు. టైలరు తన కోటు విప్పి, అతుకు వేయడానికి దాని వీపు గుడ్డ కత్తిరించాడు. సూదిలో దారం ఎక్కించి నేల మీద కూలబడ్డాడు. ఆ వేళ్లు ఎంత చురుగ్గా కదిలాయో చెప్పలేం. తలెత్తలేదు, తలుపు చప్పుడు వినలేదు. పుస్తకాలు ముట్టిన నాటి నుంచి ఆయన నోట "ఈ క్షణం" అనే మాట రానిది ఆ కాసేపే.

తొడిగి చూస్తే ముందు వైపు పోతపోసినట్టుంది. వెనక మాత్రం నీలానికి నడుమ బూడిద రంగు దారి పరిచినట్టుంది.

"ఒరేయ్, చావనైనా చావు గాని ఎవరికీ వీపు చూపించకు" అంది కాజాలక్క.

వాడు అక్క మాట జవదాటలేదు. వేదిక మీద గోడకి అతుక్కుని నిలబడ్డాడు. ఫోటోలవాడు "కాస్త అటు తిరగండి సార్" అంటే మెడ తిప్పాడు గాని ఒళ్లు తిప్పలేదు. పెద్దలకి దండం పెట్టి, వాళ్ల వైపే చూస్తూ అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి నడిచి వచ్చాడు. వాడి వీపు ఎవరి కంటా పడకుండా గోడ దగ్గర తమ బంధువులందరినీ కాజాలక్క ముందే కాపలా పెట్టింది. టైలరు చొక్కాతోనే ఆ వరసలో నిలబడ్డాడు.

మేనత్త కళ్లన్నీ పెళ్లికొడుకు మీదే ఉన్నాయి. రెండోసారీ వాడు అలాగే వెనక్కి నడిచేసరికి ఆవిడ తన కొడుకు నెత్తిన మొట్టి, "చూసి నేర్చుకోరా! పెద్దవాళ్లకి వీపు చూపించడం లేదు!" అంది. తరవాత విసవిసా వచ్చి కాజాలక్క చెయ్యి పట్టుకుంది. "ఏమనుకోకమ్మా, ఆ రోజు నోరు జారాను. ఇంత మర్యాద ఈ కాలం పిల్లల్లో ఏదీ? ఎవరు నేర్పారు?"

"నేనే" అంది కాజాలక్క, తల ఎత్తి.

మేనత్త అటు వెళ్లగానే టైలరు ఆవిడ చెవి దగ్గరికి వంగాడు. "అబద్ధం కాదుటే?"

"వెనక్కి నడవమని వాడికి చెప్పిందెవరు? నేనేగా! అబద్ధమెక్కడుంది?" అంది కాజాలక్క. "జరగండి, వాడి వెనక ఖాళీగా ఉంది."