గీత కదలని ఫారం

కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పి, కాళ్లు తుడుచుకుని అడుగుపెట్టే రోజులవి. తొమ్మిదో తరగతి నన్నూ, నేను తొమ్మిదో తరగతినీ పరస్పర అంగీకారంతో వదిలేసుకున్నాక (ముందు ఎవరు వదిలారన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు), వన్ టౌన్‌లో హార్బరుకి పోయే సందులో ఒక డీటీపీ సెంటర్లో చేరాను. దాని యజమానిని సందు సందంతా బావ అనేది. పాతికేళ్లు టైపు మిషను కొట్టి కంప్యూటరుకి వచ్చిన మనిషి. మీటల పలకలో స్పేస్‌బార్ ఒక్కటే నమ్మదగిన మీట అని ఆయన సిద్ధాంతం. పేరు పక్కకి జరపాలన్నా స్పేస్‌బారే, మధ్యకి తేవాలన్నా స్పేస్‌బారే.

చెప్పకూడదు గానీ, మా సెంటరు చావుల మీద బతికేది. ఓడల్లో సరుకు దింపే ఒక కంట్రాక్టు కంపెనీ మా సందు చివర ఉండేది. ఓడ గర్భంలో జారి పడో, బస్తాల కింద నలిగో కూలీ పోతే, భార్యకి క్యాంటీన్లో పని, ఇంటివాళ్లకి కంపెనీ ఆసుపత్రి కార్డు ఇచ్చేవారు. దానికో ఫారం. టైపు చేసే తేవాలి, పైగా అచ్చం వాళ్ల నమూనాలాగే ఉండాలి. అక్కడి గుమాస్తా మనం తెచ్చిన కాగితాన్ని నమూనా మీద పెట్టి, రెండూ కలిపి కిటికీ అద్దానికి ఆనించి వెలుతురులో చూసేవాడు. గీత మీద గీత పడలేదా, వెనక్కి. మా బావ చుక్కల మీద పేరు కొట్టేవాడు, ఆ చుక్కలు కింది వరసలోకి దిగేవి, దాంతో కిందున్నవన్నీ జారి, సంతకం చోటు ఒక్కటే అనాథలా రెండో పేజీలో పడేది. బొట్టు తీసి నెల కాని ఆడవాళ్లు ఆ సందులో ఇటు నాలుగుసార్లు అటు నాలుగుసార్లు తిరిగేవారు. వాళ్లను చూడలేకే ఆ ఫారాన్ని బాగుచేశానని చెప్పుకుంటే బాగుంటుంది. నిజం చెప్పాలంటే బావ కంటే నాకే ఎక్కువ తెలుసని చూపించుకోవడానికి చేశాను.

ఒక్కొక్క మెనూ నొక్కి చూసి వారం రోజుల్లో ఉపాయం కనిపెట్టాను. ఫారం మొత్తాన్ని గీతలు కనపడని పట్టికలో కూర్చోబెట్టాను. ప్రతి గడికీ ఇంతే ఎత్తు, వెంట్రుక వాసి పెరగకూడదని కట్టేశాను. నింపాల్సిన చోట బూడిద రంగు పెట్టెలు పెట్టి, మిగతాదంతా ఎవరూ ముట్టకుండా పాస్‌వర్డుతో తాళం వేశాను. ఎవరూ అంటే ముఖ్యంగా బావ. మొదటి కాగితాన్ని గుమాస్తా అద్దానికి ఆనించి, తిప్పి, మళ్లీ ఆనించి, "ఎవుడ్రా ఇది సేసింది?" అన్నాడట. ఆ తర్వాత రెండు నెలలు నా కాళ్లు నేలకి ఆనలేదు. టైపు చేసేటప్పుడు చీటీ చూసేవాణ్ణే తప్ప తెర చూసేవాణ్ణి కాదు (అదో గర్వం).

అలాంటి ఒక మధ్యాహ్నం ఒక అత్తా కోడలూ వచ్చారు. పోయినవాడు అత్తకి కొడుకు, కోడలికి మొగుడు. ఆ రోజు నాలుగింటికి గుమాస్తా కిటికీ మూస్తే క్యాంటీన్లో ఉన్న ఖాళీ ఇంకొకరికి పోతుంది. ఆధారపడినవాళ్లు ఎవరని అడిగితే, కోడలు ముగ్గురు పిల్లల పేర్లూ చెప్పి, చివర అత్త పేరు చెప్పింది. ఆ పెట్టెలో పేరు లేకపోతే ఆసుపత్రి కార్డు లేదు. ముసలమ్మకి ఆయాసం. మాట్లాడుతుంటే ఛాతీలో పిల్లికూతలు. టకటకా కొట్టి, ప్రింటు తీసి, చదివి, ఇచ్చాను. బావ కూడా కళ్లజోడు పెట్టుకుని ఒకసారి చదివి, "బంగారం" అన్నాడు.

కోడలు కాగితం బల్ల మీద పరిచి, పేర్లెక్కడున్నాయో అడిగి, వేలితో ఒక్కో వరసా తాకింది. మళ్లీ తాకింది.

"బాబూ, నాను నలుగుర్ని సెప్పినాను. మూడు వరసలే ఉన్నాయేటి?"

"సదువొచ్చా నీకు?" అన్నాను వెటకారంగా.

"రాదు. నలుగురంటే నాలుగని వొచ్చు."

చూస్తే ముగ్గురు పిల్లలూ ఉన్నారు. ముసలమ్మ లేదు. నేను కట్టేసిన గడిలో మూడు వరసలకే చోటు. నాలుగోది కింద తెగిపోయింది, తెగినట్టు చప్పుడైనా లేదు.

ముసలమ్మ అందుకుంది. "సూసినావా! నా కొడుకు పోయి నెల తిరగనేదు, నన్ను కాయితంలోంచి తీయించేసినాది! ఏటి సెప్పినాదిరా నీకు?"

"నీ ఎదురుగానే కదా అత్తా నీ పేరు సెప్పినాను!"

"నేదు మామ్మా," అన్నాను, "నువ్వు లోపలే ఉన్నావు. బయటికి కనపడట్నేదంతే."

"ఇంటికాడా అంతేరా నాయనా," అంది. "లోపలే ఉంటాను. ఎవులికీ కనపడను."

బావా నేనూ నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

గోడ గడియారం మూడున్నర దాటింది. బావ నన్ను లేపి కుర్చీలో కూర్చుని స్పేస్‌బార్ నొక్కాడు. ఏమీ కదల్లేదు. "ఏటిది?"

"తాలం ఏసినాను బావా. లే, నాను తీత్తాను."

"కూకున్నోణ్ణి లేపుతావేటి? పాస్‌వర్డ్ సెప్పు!"

అత్తా కోడలూ నా వైపే చూస్తున్నారు.

"బండబావ," అన్నాను.

బావ ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత తెర వైపు తిరిగి, వేలు పైకెత్తి, "ఒకటే పదమా, మద్దిలో స్పేసా?" అని అడిగాడు.

తాళం తెరుచుకున్నాక బావ కుర్చీ నాకు వదిలాడు. గడి పెంచితే సంతకం చోటు జారుతుంది కాబట్టి, పెట్టెలోని అక్షరాలు చీమలంత చేశాను. అప్పుడు కోడలు నా భుజం తట్టి, "అత్త పేరు పైన ఎట్టు బాబూ," అంది. "మల్లీ తెగితే పిల్లల పేరేదో తెగుద్ది. ఆల్లకి నానున్నాను."

ఈసారి కాగితం ముసలమ్మే అందుకుని కోడలి చేతికిచ్చింది. నాలుగింటికి ఇంకా ఐదు నిమిషాలుందనగా గుమాస్తా ఆ కాగితాన్ని అద్దానికి ఆనించాడట, గీత మీద గీత పడిందట.

నాకు ఆ తర్వాత గానీ తట్టలేదు. అంతకుముందు రెండు నెలల ఫారాల సంగతేమిటి? ఒకరి పేర్ల మీదే ఇంకొకరి పేర్లు కొట్టేసేవాళ్లం, పాతవి ఏవీ దాచలేదు. మూడు రోజులు ఆ కంపెనీ గేటు దగ్గర నిలబడి వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ అడిగాను. ఇద్దరు దొరికారు. ఒకరికి సరిచేశాం. రెండో ఇంట్లో తెగిపోయిన పేరున్న మనిషే అప్పటికి లేడు. కార్డు ఉంటే బతికేవాడా అని నేను అడగలేదు, వాళ్లూ అనలేదు. మిగతావాళ్లెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

కొన్నాళ్లకి ముసలమ్మ కంపెనీ ఆసుపత్రి మందు సీసా ఎత్తి పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడి, "నాను కనపడినానురోయ్!" అని కేకేసింది. బావ ఆవిడకి టీ చెప్పాడు. నాకు చెప్పలేదు (పాస్‌వర్డు తాలూకు కోపం ఆరు నెలలుంది).

ఇప్పుడూ నా చేతికి ఏ కాగితం వచ్చినా వేలితో వరసలు లెక్కపెడతాను. "చదివితే సరిపోదా నాన్నా?" అని మా అమ్మాయి నవ్వుతుంది. ఆ రోజు చదవడం వచ్చినవాళ్లం ఇద్దరం చదివాం, బంగారం అనుకున్నాం. తెర వైపు చూడకుండా టకటకలాడించిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నేనూ నవ్వుతాను. నవ్వి, మళ్లీ మొదటి వరస నుంచి లెక్కపెడతాను.