నాన్న ‘బస్’ అన్నారు

ఆ రోజు నేను నాన్న ముక్కు మూసి జావ తాగించాను. ముందు ఆ తప్పు ఒప్పుకోవాలి. దయ్యాలూ ఆత్మలూ నేనెప్పుడూ నమ్మలేదు. మిమ్మల్ని నమ్మించడానికీ రాయడం లేదు.

ఉత్తరాదిన, బాగ్‌బేరాలో మా ఇల్లు. లారీల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన నాన్నకి పొట్టలో క్యాన్సర్. కాలేయానికి పాకాక ఇంటికి తెచ్చేశాం. వారానికోసారి వచ్చే నర్సు స్పష్టంగానే చెప్పింది. ఆకలి చచ్చిపోవడం ఈ దశలో ఉండేదే, ఆ ఒంటికి ఇక తిండి పట్టదు, అడిగితే రెండు చెంచాలివ్వండి, పెదాలు తడుపుతూ ఉండండి, బలవంతం మాత్రం చెయ్యొద్దు.

అమ్మ ఆ మాట విన్నది. నేను వినలేదు. చూడ్డానికొచ్చిన చుట్టాల్లో ఒకాయన, "ఏట్రా, మీ అయ్యకి తిండెట్టడం మానేసినారేటి?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి, అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, ఆమె రాగిపిండితో కాచిన చోడి జావలో ప్రొటీన్ పొడి కలిపి పట్టాను. మూడో చెంచాకి నాన్న చెయ్యి అడ్డం పెట్టి "బస్... బస్" అన్నారు. మందుల మత్తులో అప్పుడప్పుడు డ్యూటీ మాటలు మాట్లాడేవారు. షిఫ్టు బస్సనుకున్నాను.

"బస్సుకింకా టైముంది నాన్నా, తినేసి ఎల్దువుగాని" అని నవ్వుతూ ముక్కు మూశాను. పొలమారింది. జావ ఊపిరితిత్తుల్లోకి పోయింది.

సాయంత్రం ఎదురింటి పైడమ్మత్త వచ్చింది. ఈ వయసులోనూ సూదిలో దారం తనే ఎక్కించుకునే మనిషి.

"మీ నాన్నకి నయమైపోనాదేటి బాబూ? ఒంటిగంటన్నరకి డ్యూటీ బట్టలేసుకొని ఎల్తన్నాడు. కేరేజీ మర్సిపోనావన్నా అంటే, సెయ్యడ్డమెట్టి ‘బస్’ అన్నాడు."

ఆ వేళకి నాన్న నా చేతుల్లో ఊపిరాడక కొట్టుకుంటున్నారు. గదిలో మేమిద్దరమే. నాన్న ‘బస్’ అన్నారని నేనెవరికీ చెప్పలేదు.

అప్పుడు వెలిగింది. మా ఇంట్లో బస్సుని ‘బస్సు’ అనే అంటాం. ‘బస్’ హిందీ మాట. క్యాంటీన్‌లో వడ్డించేవాడికి చెయ్యడ్డం పెట్టి అనేది. చాలు అని. పుట్టిన దగ్గర్నుంచి వీధిలో హిందీయే మాట్లాడే నాకు, ఆ క్షణంలో అది తట్టలేదు.

మూడో రోజు నాన్న పోయారు. ఎలా జరిగిందని చుట్టాలడిగితే, "అమ్మ కాచిన జావ పొలమారింది" అన్నాను. మాటలో అబద్ధం లేదు, అందుకే తడబడకుండా అన్నాను. అమ్మ విన్నది. "సిక్కగా కాసేసినానేటో" అని రోజూ తనలో తను గొణుక్కునేది. నేను విని ఊరుకున్నాను.

పైడమ్మత్త చూసింది ఎవరినో నాకిప్పటికీ అంతుబట్టలేదు.

అమ్మ గొణుగుడు ఇక వినలేక, పెద్దకర్మ నాడు, భోజనాలకి ముందు, నేను చేసిందంతా చుట్టాల ముందు చెప్పాను. అమ్మ, "ఊరందరికీ సెప్పినావు. నాకెప్పుడు సెప్తావురా?" అంది.

అందరూ వెళ్లాక వంటింట్లో ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాను. ముక్కు మూసిన దగ్గర్నుంచి, నింద ఆమె మీదికి నెట్టిన దాకా, మళ్లీ మొదటినుంచి చెప్పాను.