గాజు గుర్రం వెనక భాగం

ఇప్పుడు నా చేతిలో ఉన్న ఈ టీ గ్లాసు మీద ఒట్టేసి చెబుతున్నాను, రాయబోయే ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి. అమీర్‌పేటలో ఏ టీ కొట్లోనైనా కనిపించే నున్నటి గ్లాసే ఇది. అంచు మీద బియ్యపు గింజంత పెచ్చు ఊడింది. ఈ ఉదయం పంజాగుట్టలో మా ఆఫీసు కిటికీ పక్కన కూర్చుని టీ తాగుతుంటే ఆ చోటు పెదవికి గరుకుగా తగిలింది. ఎండ గ్లాసులోంచి దూరి బల్ల మీద వణికే వెలుగు గీత ఒకటి గీసింది. ఆ గీత కనిపిస్తే నాకు ఎస్తేరు మేడమ్ గుర్తొస్తారు. కంప్యూటర్‌లో బొమ్మలు చెక్కడం, అందులోనూ గాజునీ నీళ్లనీ చెక్కడం నాకు నేర్పిన మనిషి ఆవిడ.

అంతకుముందు నేను కృష్ణానగర్‌లో సినిమా సెట్లకి థర్మోకోల్‌తో, ఫైబర్‌తో వస్తువులు చేసేవాణ్ణి. ఇద్దరు ఎత్తుకుపోగల రాతి స్తంభాలు, ఒక్కడు చంకలో పెట్టుకోగల సింహాసనాలు. ఇరవై ఏళ్లు అదే పని. తర్వాత స్తంభాలు కంప్యూటర్లలో లేవడం మొదలైంది, నా షెడ్డుకి మనుషులు రావడం మానేశారు. నలభై ఆరేళ్లు వచ్చాయి, మరో పని రాదు. చేతులేమో ఊరుకోవు, ఇంట్లో చపాతీ పిండితో ముక్కులూ చెవులూ చేస్తున్నాయి. అందుకని అమీర్‌పేటలో ఒక మూడో అంతస్తు కోచింగ్ సెంటర్‌లో చేరాను. మెట్ల దగ్గర కరపత్రాలు పంచే కుర్రవాడు నన్ను చూసి, "అంకుల్, మీ అబ్బాయికి ఏ కోర్సు?" అన్నాడు.

మొదటి రోజు మేడమ్ నా సంగతి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. నేను చేసిన థర్మోకోల్ ఏనుగుని చూసి, షూటింగ్‌కి తెచ్చిన అసలు ఏనుగు తొండమెత్తి సలాం కొట్టిందనీ, మావటి ఎంత అదిలించినా రెండు గంటలు దాని పక్కనుంచి కదల్లేదనీ. క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. యాభై దాటిన మనిషి, గంజి పెట్టిన తెల్ల చీర, మెడలో కళ్లద్దాల తాడు. యూసుఫ్‌గూడ నుంచి బస్సులో వచ్చేవారు.

"ఏనుగు మంచిగనే ఉంది మూర్తి గారు. ముందైతే గిది జెయ్యుండ్రి" అని బల్ల మీదున్న పెచ్చూడిన గ్లాసు చూపించారు. అందులో నిండా నీళ్లు, నీళ్లలో ఒక పెన్సిల్.

ఇరవై ఏళ్ల చెయ్యి కదా, పది నిమిషాల్లో చెక్కేశాను. పారదర్శకత పెంచే మీట ఒకటుంటే దాన్ని చివరిదాకా లాగాను. గ్లాసుతో పాటు నీళ్లూ పెన్సిలూ కూడా మాయమయ్యాయి. అన్నీ ఒకే ముద్దగా చేశాను మరి.

"పెన్సిల్ సుత గాజైపాయె" అన్నారావిడ. "మౌస్ పక్కకు పెట్టుండ్రి. మధ్యాహ్నం దాంక గ్లాసునే చూడుండ్రి."

"ఏం చూడాలండీ? అవతలివన్నీ కనిపిస్తూనే ఉన్నాయిగా."

"గవే చూడుండ్రి."

చూశాను. మొదటి గంట ఒళ్లు మండింది. రెండో గంటకి, గాజు కనపడటం లేదనీ, గాజు వల్ల పక్కవాటికి జరిగే అన్యాయమే కనపడుతోందనీ అర్థమైంది. పెన్సిల్ నీటి అంచు దగ్గర విరిగింది. ఎదురు భవనం బోర్డు మీద ఎడమకి తిరిగిన బాణం గుర్తు, గ్లాసులోంచి చూస్తే కుడికి తిరిగింది. అంచులు మాత్రం నల్లగా ఉన్నాయి. ఆ మధ్యాహ్నం నుంచి గ్లాసుని బయటి చర్మం, లోపలి చర్మం, నీళ్లు, పెన్సిల్ అని విడివిడిగా చెక్కడం మొదలుపెట్టాను.

నాలుగో నెల నిండకముందే పంజాగుట్టలో ఒక స్టూడియోకి మనిషి కావాలని తెలిసి, మేడమ్ నా పేరు చెప్పారు. వాళ్లు పరీక్షగా ఒక గాజు గుర్రం చెయ్యమన్నారు, కడుపులో తాళంచెవి కనిపించాలి. ఇది పోతే నా చేతులకి మిగిలేది చపాతీ పిండే. రెండు రోజుల్లో పూర్తిచేసి చూపించాను. ఆవిడ గుర్రాన్ని స్క్రీన్ మీద గిర్రున తిప్పారు. వెనకవైపు బొక్క, జాతరలో అమ్మే అట్టముఖంలా డొల్లగా.

"ముంగట మస్తు జేసిన్రు. ఎనక ఏది?"

"కెమెరా అటు వెళ్లదండీ. మా కృష్ణానగర్‌లో వెనక ఎవరూ చెయ్యరు. మహారాజు సింహాసనానికి కూడా వెనక కర్రలూ మేకులే."

"కెమెరా పోకపోతే ఏమాయె? గాజుల నుంచి చూపు పోతది గదా. ముంగట నిలబడితే కనబడేది ఎనకదే."

నిజమే. వెనక లేకపోవడం వల్లే నా గుర్రం అద్దానికి అంటించిన స్టిక్కర్‌లా ఉంది. మరో నాలుగు రోజులు కూర్చుని తోకా పిరుదులూ చెక్కాను. ఆ వంపు పడ్డాక, లోపలి తాళంచెవి వంగి మెరిసింది.

"దరఖాస్తుల అనుభవం ఎంతని రాసిన్రు?" అని అడిగారు మేడమ్, ఆఖరి రోజున.

"నాలుగేళ్లు."

"నాలుగు నెలలు సుత గాలే!"

"ముందువైపు బాగుండాలి కదండీ."

"నా మాట మీద పోతున్రు. అడిగితే నిజం జెప్పుండ్రి. ఫికర్ జెయ్యకుండ్రి, గుర్రం మంచిగుంటే తీసుకుంటరు."

స్టూడియో పెద్దాయన గుర్రాన్ని నెమ్మదిగా చుట్టూ తిప్పి, "వెనక కూడా చేశారే!" అన్నారు. తర్వాత, "ఎన్నేళ్ల అనుభవం?" అన్నారు. "నాలుగు నెలలండీ" అన్నాను. "కాగితంలో రాసింది అబద్ధం. అంతకుముందు వెనక లేని సగం స్తంభాలు చేసేవాణ్ణి." ఆయన పకపకా నవ్వి, సోమవారం రమ్మన్నారు.

ఆ సాయంత్రం అమీర్‌పేట వెళ్లి జరిగినదంతా చెప్పాను. మేడమ్ బల్ల మీది గ్లాసులోంచి పెన్సిల్ తీసి పక్కన పెట్టారు, నీళ్లు పారబోశారు, గ్లాసుని పమిట చెంగుతో తుడిచి నా చేతికిచ్చారు. "నిజం జెప్పిన్రు గదా. ఉంచుకోండ్రి" అని నవ్వారు. ఆవిడ నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

పోయిన వానాకాలం ఆవిడ కన్నుమూశారు. యూసుఫ్‌గూడ చర్చిలో చివరి బెంచీ వెనక నిలబడ్డాను. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి ఇప్పుడు నేనే నేర్పుతున్నాను. ఈ గ్లాసులో నీళ్లు పోసి ముందు పెడతాను. "మూర్తన్నా, ఎనక ఎవడు చూస్తడే?" అని విసుక్కుంటారు. మధ్యాహ్నం దాకా మౌస్ ముట్టనివ్వను.

ఒట్టేశాను కాబట్టి ఒకటి చెప్పాలి. "నాలుగు నెలలండీ" అని నేను అనలేదు. "నాలుగేళ్లండీ" అన్నాను, తడుముకోకుండా. పెద్దాయన తల ఊపి సోమవారం రమ్మన్నారు, అంతే. నిజం చెప్పిన ముచ్చట, ఆయన పకపకలతో సహా, పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకి నడుస్తూ అల్లుకున్నాను. మేడమ్ నమ్మారు. నేను ఒట్టేసిన ఈ గ్లాసు ఆ కల్పనకే నాకు దక్కింది. ఆవిడ ఉండగా చెప్పడానికి వీలు చిక్కలేదని రాస్తే అది మరో అబద్ధమవుతుంది. ప్రతి క్రిస్మస్‌కీ వాళ్లింటికి వెళ్లి కేకు తిని వచ్చాను.

ఏనుగు సంగతి మాత్రం నిజం.