రెండో పార్టులో డ్రైవరు

“గని కాగితం మీద సైను పెట్టమ్మా అంటే సినిమా కథ చెప్తాండావేంది?” నా కొడుకు అన్నం తట్ట పక్కకు తోశాడు.

“తట్ట తోయొద్దు, తిను. సినిమా కథే చెప్తా. ఆ రాక్షసబల్లి లారీ డ్రైవరునే ఎందుకు తినె?”

“దానికి ఆకలైంది, తినె! దానికీ మన బావి చేనుకీ ఏం సంబంధం?”

“సినిమాలో ఆ కంపెనీ వోడు హెలికాప్టర్ ఎక్కి పాయ కదరా. వాణ్ని యాడ తినె?”

ఆ మధ్యాహ్నం మనవరాలు టీవీలో ఆ సినిమా పెట్టింది. కరెంటు దండగ, ఆపమన్నాను. “ఇది రెండో పార్టు అవ్వా. మొదటి పార్టులో కంచె తెంచుకొని మనుషుల్ని తినింది” అంది. అంత జరిగినా అదే కంపెనీ, కొత్త కంచె, ‘ఏమీ కాదు’ అనే అదే మాట. నేను కదల్లేకపోయాను. బల్లి మీద నాకు కోపం రాలేదు. దాన్ని పుట్టించి అమ్ముకున్నవాళ్ళు పైన ఉన్నారు, కింద నిలబడినవాళ్ళు పోయారు. ఆ డ్రైవరు పేరు కూడా ఎవరూ అడగలేదు. నా కొడుకు గనిలో టిప్పరు తోలుతాడు.

మాకూ మొదటి పార్టు జరిగింది. కొన్నేళ్ళ కిందట లారీల దారికని మైనింగ్ కంపెనీ కాగితాలు తెచ్చింది. వేలిముద్ర వేసే ఆడవాళ్ళకు గుమాస్తా కన్నడ కాగితం చదివి వినిపించాడు. నేను రెండో తరగతి, అదీ తెలుగు బడిలో. కన్నడం వింటే తెలుస్తుంది, చదవను రాదు. అయినా గొప్పగా పెన్ను అడిగి తెలుగులో సంతకం చేశాను. సంతకం చేసేదానికి చదవడమెందుకని అతను చదవలేదు. సిగ్గుపడి నేనూ అడగలేదు. దారికే అనుకుంటే మా మెరక చేనంతా పోయింది. లారీల దుమ్ముకు మిగిలిన చేలో జొన్న కంకులు కూడా ఎర్రగానే ఉంటాయి. ఇప్పుడు బావి చేను కోసం అదే కంపెనీ మళ్ళీ కాగితం తెచ్చింది.

“సైను పెట్టకుంటే టిప్పరు తాళం చెవి ఇచ్చేయమన్నారు. నా బిడ్డకు ఏం పెట్టాల? నువ్వు చెప్పు!” అని అరిచాడు కొడుకు.

బావి పోతే తాగేది లేదు. టిప్పరు పోతే తినేది లేదు. వాడి తట్టలో మిగిలిన సంగటి ముద్దను నీళ్ళలో వేసి పెట్టాను.

తెల్లవారి ఇద్దరం కంపెనీ ఆఫీసుకు పోయాము. “ఏలిముద్ర వేస్తానప్పా, చదువు” అన్నాను.

“సహి బరుత్తల్ల అజ్జీ, సంతకం వచ్చు కదా, సైనే పెట్టు” అని నవ్వాడు గుమాస్తా.

“రాదు. చదువు.”

చదివాడు. చేను, బావి, బావికి పోయే కాలిబాట కూడా అందులో ఉన్నాయి. నేను వేలు అంటించకుండానే ఇంకు డబ్బా అతని వైపు జరిపి లేచాను. కొడుకు నన్ను చూడలేదు. జేబులోంచి తాళం చెవి తీసి బల్ల మీద పెట్టాడు. ఇద్దరం చోరనూరు దారిన నడిచి ఇల్లు చేరాము. దారిలో వాడి టిప్పరు మమ్మల్ని దాటిపోయింది, వేరేవాడు తోలుతున్నాడు.