ఎండిన బోరు పైపుకు కట్టిన తీగ

2022 ఎండాకాలం. చిత్తూరు చుట్టుపక్కల ఇళ్లకు వైరింగ్ చేయడం నా పని. పూతలపట్టు దగ్గరి ఒక పల్లె నుంచి మురళి అనే అతను ఫోన్ చేశాడు.

"అన్నా, మా అమ్మ పోయింది. నీళ్ల రూములో పడిపోయింది. కరెంటాయన వచ్చి స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు తీగ తీసేసి పోయినాడు. దినాలకు సుట్టాలంతా వస్తారు, ఇల్లు చీకటిగా ఉండాది. ఒకసారి వచ్చి సూడన్నా."

మరుసటి రోజు పొద్దున వెళ్లాను. మురళి ఊరి మొదట్లోనే నా బండి ఆపాడు. ఇంటి దగ్గర చెప్పలేని మాట ఒకటి ఉందన్నమాట.

"ఊర్లో డాక్టరు గుండె ఆగిపోయిందన్నాడు. మా నాయన అదే అనుకుంటా ఉండాడు. నాకే అనుమానమొచ్చి కరెంటు తీయించినా. నీళ్ల రూములో గీజరు బిగించింది ఆయనే. నీకు ఏం కనబడినా ఆయనకు మాత్రం చెప్పొద్దన్నా. మనిషి బతకడు."

సరే అన్నాను. నా భార్య పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆవిడది జబ్బు. ఎందుకు పోయిందో డాక్టరు వివరంగా చెప్పాడు, నేను శ్రద్ధగా విన్నాను. ఇంటికొచ్చాక అది నాకు ఎందుకూ పనికి రాలేదు. కారణం చెప్పకపోవడం కూడా ఒక మర్యాదే అని అప్పటి నా అభిప్రాయం.

మురళి నాయన పేరు చెంగల్రాయ నాయుడు. చెరకు, నాలుగు ఆవులు. వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"రాప్పా. కాఫీ తాగినావా? ఈ ఇంట్లో పొయ్యి ఎలిగించకూడదు, పక్కింట్లో పెట్టిస్తా."

"వద్దు నాయుడన్నా. ముందు పని చూస్తా."

పెరట్లో కొత్తగా కట్టిన నీళ్ల రూము. గోడకు ఇన్‌స్టంట్ గీజరు. ట్యాంకు ఉండదు, షవర్‌కు పైన బిగిస్తారు, నీళ్లు దాని గుండా పోతూనే కాగుతాయి. చిన్న పెట్టే అయినా ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు అన్నీ కలిపినా అంత కరెంటు తీసుకోవు. షవర్ గొట్టం ఇనుముది, కిందిదాకా వేలాడుతోంది.

పనితనం చూస్తే ముచ్చటగా ఉంది. తీగలు గోడ వెంబడి నిటారుగా పోయాయి. జాయింట్లకు టేపు గట్టిగా చుట్టి ఉంది. బోరు మోటారుకు వాడగా మిగిలిన మందమైన కేబుల్ వాడాడు. కానీ స్విచ్ బోర్డు నుంచి ఒక్క తీగే వచ్చింది. గీజరు నుంచి రెండో తీగ కిటికీలోంచి బయటికి వెళ్లింది. దాని వెంట నేనూ వెళ్లాను.

అది పెరటి మూల నీళ్లు పడని బోరు దగ్గర ఆగింది.

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. కరెంటు వచ్చే తీగను ఫేజ్ అంటాం. పని చేసి తిరిగి పోయే తీగ న్యూట్రల్. ఎర్త్ అనే మూడో తీగకు మామూలుగా పని ఉండదు. పొరపాటున కరెంటు పరికరం ఒంటికి తగిలితే దాన్ని భూమిలోకి తీసుకుపోవడానికే అది. మా వైపు పొలం మోటార్లకు మూడు ఫేజులు వస్తాయి, చాలాచోట్ల న్యూట్రల్ ఉండదు. మోటారుకు అది అక్కర్లేదు. షెడ్డులో బల్బుకు కావాలి. అందుకని రైతులు బల్బుకు ఒక ఫేజు ఇచ్చి, రెండో తీగను బోరు కేసింగ్‌కు, అంటే బోరులో దించిన ఇనుప పైపుకు చుట్టేస్తారు. భూమే న్యూట్రల్ అవుతుంది. బల్బు వెలుగుతుంది. తరాలుగా అట్లాగే వెలుగుతున్నాయి.

ఇంట్లో న్యూట్రల్ ఉన్నా, అలవాటు కొద్దీ నాయుడు గీజరుకూ అదే చేశాడు. గీజరు న్యూట్రల్, ఎర్త్ తీగలు రెండూ కలిపి మెలిపెట్టి, ఒకే తీగతో ఎండిన బోరు పైపుకు కట్టాడు. పైపు లోతుకు దిగి ఉంది కాబట్టి గీజరు బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత ఆ కట్టు తుప్పు పట్టి ఊడింది. తిరిగి పోయే దారి లేని కరెంటు ఆ మెలిక దగ్గర వెనక్కి తిరిగి, ఎర్త్ తీగ మీదుగా గీజరు ఒంటికి, షవర్ గొట్టానికి వచ్చింది. నీళ్లు కాగడం మానేశాయి. ఎందుకు కాగలేదో చూద్దామని తడి చేత్తో ఆమె గొట్టం పట్టుకుని ఉంటుంది. ఫ్యూజు పోలేదు. ఫ్యూజు తీగలను కాపాడుతుంది, మనిషిని కాదు.

ఊడిన తీగ కొస చేతిలో పట్టుకుని ఉండగా నాయుడు వెనకాల వచ్చి నిలబడ్డాడు.

"మా ఇంటామె ఎగతాళి చేసేది అప్పా. పెండ్లాన్ని ఏనాడూ అంత ప్రేమగా సూడలేదు, మోటారు స్టార్టరు డబ్బాను మాత్రం ఒళ్లో పెట్టుకొని తుడుస్తాడు అని. ఇది బిగించినాక మాత్రం సంబరపడింది. పొగలో కూర్చొని నీళ్లు కాసే పని తప్పిందని. షవర్ పట్టుకుంటే సిమసిమ అంటాది అనేది. ఇనుము కదా, అట్లే ఉంటాదిలే అన్నా."

దూరంగా మురళి నన్నే చూస్తున్నాడు.

"ఏమన్నా తేడా ఉండాదా?"

"పాతదైంది నాయుడన్నా. మొత్తం తీసేసి కొత్తగా లాగుతా."

"లాగు. సత్యవేడులో ఇచ్చిన మా పాప ఇంటికి కూడా పోయి ఒక చెయ్యి ఎయ్యి, తొందరేం లేదు. ఆడ కూడా నేనే ఇట్లే బిగించినా. పిల్లోళ్లను తోడుకొని వస్తానని నిన్న వాళ్ల ఊరికి పోయింది."

మురళి కూడా ఆ మాట విన్నాడు. అతని ముఖం చూశాను. వద్దని సైగ చేయలేదు. చెప్పమనీ అనలేదు. తల దించుకున్నాడు.

"నాయుడన్నా, మీ పాపకు ఇప్పుడే ఫోన్ చెయ్యి. గీజరు ముట్టొద్దని చెప్పు."

ఆయన నా చేతిలోని తీగను చూశాడు. తర్వాత బోరు పైపును చూశాడు. కరెంటు తెలిసిన మనిషి. నేను విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు. జేబులోంచి ఫోన్ తీశాడు. నంబరు తప్పు నొక్కాడు. మురళి వచ్చి సరిగా నొక్కి, స్పీకరు పెట్టి ఇచ్చాడు.

"పాపా, యాడ ఉండావు? గీజరు వెయ్యొద్దు. మెయిను ఆపేసెయ్."

"ఏం నాయనా? పిల్లోడికి నీళ్లు పోయాల. బాగానే కాగుతా ఉండాయి కదా."

"కాగినా వద్దు. వాణ్ని ఆ రూములోకి పోనియ్యొద్దు."

"ఎందుకో చెప్పు."

ఆయన నా చేతిలోని తీగ కొసను తన చేతిలోకి తీసుకున్నాడు.

"మీ అమ్మ దాంతోనే పోయింది పాపా. నేను కట్టిన తీగతో."

అవతల నుంచి ఏడుపు వినబడింది. నాయుడు ఫోన్ కొడుకు చేతిలో పెట్టి, బోరు పక్కన నేల మీద కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నమే మురళి, నేను సత్యవేడు వెళ్లాం. అక్కడ తీగ ఊడలేదు. బోరు పైపు దగ్గర తుప్పు మొదలైంది, తీగలో కొన్ని పోగులు మాత్రం పట్టుకుని ఉన్నాయి. పాత తీగలన్నీ పీకేసి, న్యూట్రల్ లాగి, వేరే ఎర్త్ దించి, ఆర్.సి.సి.బి. పెట్టాను. వెళ్లిన కరెంటు అంతా తిరిగి రాకపోతే దానంతటదే ఆగిపోయే స్విచ్ అది. నాయుడి పద్ధతిలో కట్టిన గీజరు దానితో ఒక్క క్షణం కూడా నడవదు.

గీజరు మనమే బిగించుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దంటాను. నాయుడు అజాగ్రత్త మనిషి కాదు, చేతకాని మనిషీ కాదు. పరికరాన్ని నడిపించడం ఆయనకు బాగా తెలుసు. అది చెడిపోతే ఏమవుతుందో ఆలోచించలేదు. షెడ్డులో కట్టు ఊడితే బల్బు ఆరిపోతుంది, అంతే. తడి ఒంటితో బల్బును పట్టుకుని ఎవరూ నిలబడరు.

నేను చెప్పింది ఆ మనిషికి మేలు చేసిందో కీడు చేసిందో ఇప్పటికీ చెప్పలేను. కాకపోతే నా పని తీరు మారింది. ఏ ఇంట్లోనైనా తప్పు వైరింగ్ కనబడితే సరిచేసి ఊరుకోను. ఆ ఇంటివాళ్లను ఒక మాట అడిగే సామాను సర్దుకుంటాను.

"ఇది కట్టినాయన ఇంకా యాడ యాడ కట్టినాడు?"