పన్నెండు అంకెలు, వేయికొక కొసరు

నా చిన్నప్పుడు, వడమాలపేట వైపు మేం చదివిన హైస్కూల్లో లెక్కల అయ్యవారు ఒకరుండేవారు. ఆయనకు తెలియనివి చాలా ఉండేవి. అందుకు నాకు కోపం లేదు. తెలియదన్న అనుమానమైనా లేని ఆ ధీమాను మాత్రం నేటికీ క్షమించలేదు.

ఎనిమిది పూర్తయి తొమ్మిదిలో చేరేటప్పుడు పెద్ద లెక్కలా, జనరల్ లెక్కలా అన్నది అప్పట్లో తేల్చుకోవాలి. జనరల్‌లో చేరితే సైన్సు చదువుకు దారి మూసుకుపోయినట్టే. నేను పెద్ద లెక్కలు అడిగాను. అయ్యవారు పక్కనున్న డ్రాయింగు మాస్టారి వైపు తిరిగి, “సూడప్పా, ఈ యమ్మికి పెద్ద లెక్కలు గావాలంట!” అని నవ్వారు. తర్వాత నల్లబల్ల మీద 359359359359 అని రాశారు. శేషం లేకుండా దాన్ని భాగించే సంఖ్య ఒక్కటి చెబితే దరఖాస్తు మీద సంతకం పెడతానన్నారు. ఒకటితోనూ, తనతోనూ తప్ప అది దేనితోనూ పోదని తానే తీర్పూ చెప్పారు. రెండు, మూడు, ఐదు, తొమ్మిది. ఈ నాలుగింటితో చూశారట. అంతటితో సంఖ్యలన్నీ అయిపోయాయని ఆయన నమ్మకం. దరఖాస్తులకు మరునాడే గడువు.

మా ఊళ్లోని మామిడి మండీలో మా మేనత్త కాయలు ఏరి గంపలకు సర్దేది. చదువు రాదు. వేయి కాయలు లెక్కపెట్టగానే పైన ఒకటి కొసరు వేసి అప్పగించడం అక్కడి వాడుక. ఏడుపు మొహంతో వెళ్లిన నన్ను ఆ సంఖ్య చదవమంది. పన్నెండూ చదవడం రాక చివరి ఆరంకెలే చదివాను: మూడు లక్షల యాభై తొమ్మిది వేల మూడు వందల యాభై తొమ్మిది.

“అంటే మూడొందల యాబై తొమ్మిది వేలు, వేయికొక కొసరు. దీనికా మే మూతి ముడుసుకున్యావు?”

వేయి కాయలు ఏడు గంపలకు సర్దితే ఒక గంపకు ఒక కాయ తక్కువవుతుందని, కొసరు కలిస్తే సరిపోతుందని చెప్పింది. పదకొండు గంపలకూ అంతే, పదమూడుకూ అంతే. ఎన్ని వేలైనా, వేయికొక కొసరుంటే లెక్క మారదు. ముందు ఆరంకెలూ అవే కనుక, వాటి వెనుక ఆరు సున్నాలు చేరినా ఏడుతో పోయేది పోకుండా ఉండదని నాకు తట్టింది. పదిహేడుతో పోతుందా అని ఆశగా అడిగాను. “నాకు తెలీదు మే. పదిహేడు గంపలకు నేనెప్పుడూ సర్దలా” అంది.

మరునాడు బల్ల మీద ఏడుతో భాగించాను. 51337051337 వచ్చింది, శేషం లేదు. అయ్యవారు నడుమనున్న సున్నా మీద బెత్తం పెట్టి, “ఇది యాడ్నించి వచ్చినాది? తప్పు!” అన్నారు. దాన్ని ఏడుతో గుణించి చూపించాను. ఆయన రాసిన సంఖ్యే వచ్చింది. డ్రాయింగు మాస్టారు, “సంతకం పెట్టప్పా, సుద్దముక్క అరిగిపోతాది” అన్నారు. పెట్టారు. ఎవరు చెప్పారో తెలిశాక, మండీ లెక్కలు బళ్లో చెల్లవన్నారు.

మరుసటి ఏడాది మా చెల్లెలి తరగతిలోనూ అదే సంఖ్య రాసి, అదే మాట అన్నారు. తెలియక అన్నది మొదటిసారి. రెండోసారి అన్నదాన్ని ఏమనాలో నాకు మర్యాదైన మాట దొరకలేదు.

అది కాదు, ఇది కుదరదు అని ఎవరైనా తేల్చి చెబితే, దేనితో చూసి చెబుతున్నారని నేటికీ అడుగుతాను. డాక్టరునైనా, ఆఫీసరునైనా, ఫోనులో చదివి వాదించే మనవణ్ణైనా సరే. ఇందుకోసం నోటుబుక్కులో మూడు గళ్లు గీసుకున్నాను: అన్నవారి పేరు, అన్న మాట, చూసిన విధం. “నాకు తెలీదు, నేను చూడలేదు” అన్నవారి పేర్ల కింద గీత గీస్తాను. అలాంటి గీతలు చాలా కొద్ది. తక్కినవారి మూడో గడి ఖాళీగానే ఉంది.